పాలపళ్ళు ఊడే వేళ



మొన్న సెప్టెంబరులో ఒక సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వస్తూనే పుస్తకాల సంచీ గుమ్మంలో పడేసి, "అమ్మమ్మా, నా పన్ను ఊగుతోంది" అంటూ ఏడుపు లంకించుకుంది. దానికి ఆరేళ్ళు. కూతుర్ని ఊళ్ళోనే ఇచ్చాం గనుక బడి వదలగానే పిల్ల ముందు మా ఇంటికే వస్తుంది. నోరు తెరిపించి చూశాను. కింది వరసలో ముందు పన్ను వేలితో తాకితే చాలు, అటూ ఇటూ ఊగుతోంది.

"దీనికి ఏడుపెందుకే పిచ్చిపిల్లా! ఇది ఊడితే కొత్తది వస్తుంది" అన్నాను.

"రాకపోతేనో?" అంది.

నాకు నవ్వొచ్చింది. కానీ పిల్లని తీసుకుపోదామని వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్న మా అమ్మాయి ముఖంలో నవ్వు లేదు. నన్ను వంటింట్లోకి పిలిచి, మెల్లిగా, "అమ్మా, వచ్చే పళ్ళు నావాటిలాగే వస్తాయా?" అని అడిగింది.

ఇవాళ నేను మీతో ముచ్చటించదలచుకున్నది ఈ రెండు ప్రశ్నల గురించే. పిల్ల ప్రశ్నకు జవాబు తేలిక. తల్లి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మాత్రం నా సొంత కథ కొంచెం చెప్పుకోవాలి. ముందు తేలికదాని సంగతి చూద్దాం.

పాలపళ్ళు మొత్తం ఇరవై. ఇంచుమించు ఆరో నెలలో మొదటిది కనిపిస్తుంది, మూడేళ్ళు వచ్చేసరికి ఇరవై పూర్తవుతాయి. ఆరేళ్ళ ప్రాంతంలో ఊడడం మొదలై పన్నెండేళ్ళ దాకా ఒక్కొక్కటే వెళ్ళిపోతాయి. కొందరికి ఐదో ఏటే మొదలు, కొందరికి ఏడు దాటాకగానీ కదలవు. పక్కింటి పిల్లకు నాలుగు ఊడాయి, మా వాడికి ఒక్కటీ ఊడలేదని దిగులు పడనక్కర్లేదు. సాధారణంగా ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే పోతాయి. కింది ముందు పళ్ళు రెండూ ముందు, తర్వాత పైవి.

ఊడిన పాలపన్ను చేతిలోకి తీసుకుని ఎప్పుడైనా చూశారా? బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దగా ఉంటుంది, కింద వేరే కనిపించదు. "విరిగిపోయి వేరు లోపలే ఉండిపోయిందేమో" అని కంగారుపడే తల్లులను చూశాను. అదేమీ కాదు. కింద తయారవుతున్న కొత్త పన్ను పైకి వచ్చేకొద్దీ పాత పన్ను వేరు కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. వేరంతా కరిగాక పట్టు తప్పి ఊగుతుంది. అంటే ఊగడమే కొత్తది బయల్దేరిందని కబురన్నమాట. ఈ మాట మా మనవరాలికి చెప్పాక ఏడుపు ఆగింది.

మా అత్తయ్యగారు మాత్రం దారపు ఉండ తీసుకొచ్చారు. "పన్నుకు కట్టి ఒక్క లాగు లాగితే సరి" అంటారు ఆవిడ. "వద్దులెండి అత్తయ్యా, దానంతటదే ఊడనివ్వండి" అన్నాను. వేరు పూర్తిగా కరగకముందే లాగితే నొప్పీ, నెత్తురూ తప్ప లాభం లేదు. పిల్లే నాలుకతో, శుభ్రంగా కడుక్కున్న వేలితో కదుపుకుంటూ ఉంటే నాలుగు రోజులు అటూ ఇటుగా అదే రాలిపోతుంది. మా పిల్లకు గోరుముద్ద తింటూ ఉండగా ఊడింది. కాస్త నెత్తురు వస్తే శుభ్రమైన గుడ్డ మడిచి పది నిమిషాలు కరిచి పట్టుకోమంటే చాలు. మనది మిరపకాయల సీమ గదా, ఆ పూటకు గోంగూర పచ్చడి పక్కన పెట్టి చల్లని పెరుగన్నం పెట్టండి.

ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరడం మన పెద్దలనాటి వేడుక. మా అత్తయ్యగారు ఇరుగింటి వారి పాడి దగ్గర పేడ సంపాదించి ఆ ముచ్చట తీర్చారు. పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది గనుక విసిరిన ముద్ద వెళ్ళి నీళ్ళ ట్యాంకు పక్కన పడింది. పిల్ల మాత్రం మూడు రోజులపాటు పొద్దున్నే మేడెక్కి అది అక్కడే ఉందో లేదో చూసుకొచ్చింది. ఇలాంటి వేడుకలు మానుకోనక్కర్లేదు. ఒంట్లోంచి ఒక ముక్క ఊడి చేతిలోకి వస్తే చిన్న ప్రాణం బెదురుతుంది. ఇంటిల్లిపాదీ చేరి దాన్ని పండగ చేస్తే ఆ బెదురు పోతుంది.

మా పిల్లకు మరో దిగులు పట్టుకుంది. మా వినుకొండ జాషువాగారు పుట్టిన ఊరు. 1895 సెప్టెంబరు 28న ఆయన ఇక్కడే పుట్టారు. ఆ తేదీన బళ్ళో పిల్లల చేత ఆయన పద్యాలు చదివిస్తారు. మా పిల్లకూ ఒక పద్యం అప్పజెప్పారు. తీరా ఆ రోజు దగ్గర పడేసరికి రెండో పన్నూ ఊడింది. "స" అనబోతే గాలి పోతుంది, పక్క పిల్లలు "తొర్రిపళ్ళు, తొర్రిపళ్ళు" అని నవ్వుతారు. నేను చదవనంటే చదవనని మొండికేసింది. మన వ్యాకరణంలో త, ద, న, ల, స వంటి అక్షరాలను దంత్యాలంటారు గదా! నాలుక పళ్ళను ఆనుకుంటేగానీ అవి తేటగా పలకవు. పళ్ళు లేని నాలుగు వారాలు ఆ అక్షరాలు కాస్త తడబడతాయి, కొత్త పళ్ళు రాగానే సర్దుకుంటాయి. అదే మాట దానికి చెప్పి, మెల్లిగా చదవడం నేర్పి పంపాం. చదివింది. చప్పట్లు కొట్టించుకుని వచ్చింది. మనం చేయకూడనిదల్లా ఒకటే, ఇంటికొచ్చిన చుట్టాల ముందు పిల్లని నిలబెట్టి "ఏదీ, స అను" అని నవ్వడం.

ఇక తల్లులు తరచుగా పొరబడే సంగతులు రెండు మూడున్నాయి.

మొదటిది, పాలపన్ను ఊడకముందే దాని వెనక కొత్త పన్ను మొలవడం. కింది ముందు పళ్ళకు ఇది చాలామందిలో చూస్తాం. ఎక్కువసార్లు పాతది ఊడిపోయాక నాలుక తోపుడుకు కొత్తది ముందుకు జరిగి చోటులో కూర్చుంటుంది. పాతది రెండు మూడు నెలలైనా కదలకపోతే మాత్రం దంతవైద్యుడికి చూపించండి.

రెండోది ముఖ్యమైనది. ఆరేళ్ళకు, ఏ పన్నూ ఊడకుండానే, పాలదవడ పళ్ళకు వెనక నాలుగు మూలలా నాలుగు కొత్త దవడ పళ్ళు వస్తాయి. ఏదీ ఊడలేదు గనుక ఇవీ పాలపళ్ళేననుకుని మనం పట్టించుకోం. పుచ్చిపోయాక "పోనీలే, ఎలాగూ ఊడేదేగా" అంటాం. అవి ఊడేవి కావు, కడదాకా ఉండవలసినవి. పోతే మళ్ళీ రావు.

అసలు "ఎలాగూ ఊడేదే" అన్న మాట పాలపళ్ళ విషయంలోనూ తప్పే. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడినా దవడ పాలపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అవి కింద రాబోయే పన్నుకు చోటు కాపాడుతూ కూర్చుంటాయి, బస్సులో జేబురుమాలు వేసి సీటు ఆపినట్టు. పుచ్చి ముందే పీకించవలసి వస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తర్వాత వచ్చే పన్నుకు చోటు చాలక ఎత్తుగానో వంకరగానో వస్తుంది. అందుకని పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకండి. చాక్లెట్టయినా, బెల్లపు పాకం ఉండయినా రోజంతా చప్పరించనివ్వకండి. రాత్రి పడుకోబోయే ముందు తప్పకుండా పళ్ళు తోమించండి.

ఇక మా అమ్మాయి ప్రశ్నకు వస్తాను.

నేను పుట్టి పెరిగింది దర్శి వైపు ఒక పల్లె. చిన్నప్పుడు బావి నీళ్ళు, తర్వాత బోరింగు నీళ్ళు తాగి పెరిగాం. ఆ నీళ్ళు తేటగా ఉండేవి, రుచికీ వంక లేదు. కానీ నా ఈడు పిల్లలందరికీ పళ్ళ మీద గోధుమరంగు చారలే. అందరికీ ఉన్నదాన్ని లోపమని ఎవరనుకుంటారు? అది లోపమని నాకు మొదటిసారి తెలిసింది పెళ్ళిచూపుల్లో. వచ్చిన వాళ్ళలో ఒకావిడ, "పిల్ల బాగానే ఉంది గాని పళ్ళు సరిగా తోముకోదల్లే ఉంది" అంది. పొద్దునా రాత్రీ వేపపుల్లతో తోముకునే పిల్లని నేను. ఆ మాట విన్నాక నవ్వడం మానేశాను. నా పెళ్ళి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నేను పెదవి విప్పలేదు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. రేడియోలో మాట్లాడతారా అని నన్ను మొట్టమొదట అడిగినప్పుడు, చదివింది పదో తరగతేనని జంకుతూనే, అక్కడ పళ్ళు కనపడవు గదా అన్న ధీమాతో ఒప్పుకున్నాను. నిజం చెబుతున్నాను.

అయితే నాకు జరిగినది కాదు నన్ను ఇప్పటికీ బాధపెట్టేది. మా పెద్దమ్మాయి పుట్టింటి కాన్పు. నాకు పాలు చాలక డబ్బాపాలు అలవాటు చేశాం. ఆ పాలు కలిపింది బోరింగు నీళ్ళతోనే. వెంటనే రెండో కాన్పు రావడంతో దాన్ని నాలుగేళ్ళు నిండేదాకా మా అమ్మ దగ్గరే ఉంచాను. పాలపళ్ళు ముత్యాల్లా ఉండేవి. ఏడో ఏట కొత్త పళ్ళు వచ్చాయి. ముందు సుద్దముక్క రుద్దినట్టు తెల్లటి మచ్చలు, తర్వాత అవే గోధుమరంగయ్యాయి. ఇంకేం, పెళ్ళిచూపుల్లో ఆవిడ అన్న మాటే నేనూ అందుకున్నాను. ఉప్పూ బొగ్గుపొడీ కలిపి రుద్దించాను. చిగుళ్ళ వెంట నెత్తురు వచ్చినా వదల్లేదు. "తోముకోవే దరిద్రపుదానా" అని రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను.

దానికి పన్నెండేళ్ళప్పుడు గుంటూరులో ఒక దంతవైద్యుడికి చూపించాం. ఆయన చూసి, "అమ్మా, ఇది మురికి కాదు, తోమితే పోయేది కాదు. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడ్డ మచ్చ. ఈ పిల్ల చిన్నప్పుడు ఎక్కడి నీళ్ళు తాగింది?" అని అడిగారు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ నేను దాని ముఖంలోకి చూడలేకపోయాను. "నిన్ను ఊరికే కొట్టాను, తప్పు నాది" అని దానితో చెప్పడానికి నాకు వారం రోజులు పట్టింది.

ఆ వైద్యుడి దగ్గరా, తర్వాత చదువుకునీ తెలుసుకున్న సంగతి మీకు చెబుతాను. పన్ను పైన గాజులా మెరిసే గట్టి పొర ఉంటుంది. పింగాణీ అంటారు, ఎనామిల్ అని కూడా అంటారు. కొత్త పళ్ళకు ఈ పొర పాలపన్ను ఊడాక తయారయ్యేది కాదు. బిడ్డ పుట్టిన నాటి నుంచే దవడ ఎముక లోపల తయారవడం మొదలవుతుంది. ముందు పళ్ళకు నాలుగైదేళ్ళకు, వెనకటి వాటిలో చాలావాటికి ఏడెనిమిదేళ్ళకు పూర్తవుతుంది. ఆ వయసులో తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పొర సరిగా గట్టిపడదు. ఆ మచ్చ పన్నుతోబాటే పైకి వస్తుంది. పాలపళ్ళు చాలా భాగం కడుపులోనూ, తల్లిపాలు తాగే రోజుల్లోనూ తయారవుతాయి. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. అందుకే వాటి మీద మచ్చలు అంతగా పడవు. మా అమ్మాయి పాలపళ్ళు ముత్యాల్లా ఉండి అసలు పళ్ళు అలా రావడానికి కారణం ఇదే.

ఇది మన ఒక్కరి కష్టమే కాదు. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో 1901లో వైద్యం మొదలుపెట్టిన మెకే అనే దంతవైద్యుడు, అక్కడి వాళ్ళలో చాలామందికి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుండడం చూసి ఆశ్చర్యపోయాడట. ముప్పై ఏళ్ళు దాని వెంటబడ్డాడు. చివరికి 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నీళ్ళు పరీక్షించి కారణం ఫ్లోరైడ్ అని తేల్చాడు. తర్వాత ఆరేళ్ళకే, 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ ఫ్లోరైడ్ పళ్ళనే కాదు, ఎముకలనూ పట్టి మనుషులను వంచేస్తోందని వైద్యులు రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970 దాకా ఆ నెల్లూరు జిల్లాలోవే. అంటే నేను పుట్టకముందు ఎన్నో ఏళ్ళ నాడే మా వైపు సంగతి పుస్తకాలకెక్కింది. మా ఊరి తల్లులకు మాత్రం చేరలేదు. వాళ్ళు పిల్లలను తిడుతూనే ఉన్నారు. అందుకే ఈ మాట రేడియోలో చెప్పాలనుకున్నాను.

మరి మనం ఏం చెయ్యాలి?

పట్నంలో ఉన్నాం, మాకేం అనుకోకండి. అపార్టుమెంట్లలో చాలాచోట్ల బోరు నీళ్ళే. నేల లోపలి రాళ్ళలోని ఫ్లోరైడ్ కరిగి బోరు నీళ్ళలోకి వస్తుంది. దానికి రంగు, రుచి, వాసన ఉండవు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో ఈ పరీక్ష చేస్తారు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మంచిది, వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నర దాకా చెల్లుతుందని మన దేశ ప్రమాణం. నది నీళ్ళలో, కాలువ నీళ్ళలో మామూలుగా ఫ్లోరైడ్ తక్కువ. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక కుడికాలువ మన పల్నాడు మీదుగా ప్రకాశం వైపు పారింది. పొలాలకు మేలు జరిగిందని అందరం చెప్పుకుంటాం. ఆ నీళ్ళు శుద్ధి చేసి తాగే చోట పిల్లల పళ్ళకూ మేలే.

ఒక పొరపాటు చేయకండి. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఇగిరి అది ఇంకాస్త చిక్కనవుతుంది. మామూలు కొవ్వొత్తి ఫిల్టరూ దాన్ని ఆపలేదు. ఆర్.ఓ. యంత్రం చాలావరకు తీసేస్తుంది. తాగే నీళ్ళతోబాటు అన్నం, పప్పు వండే నీళ్ళూ, డబ్బాపాలు కలిపే నీళ్ళూ మంచివై ఉండాలి. ఎదిగే పిల్లలకు పాలు, పెరుగు, రాగిజావ పెట్టండి, టీ అలవాటు చేయకండి.

ఇంత చెప్పాక ఫ్లోరైడ్ అంటేనే విషమనుకుంటారేమో. కొద్దిగా ఉంటే అది పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది. అందుకే పేస్టుల్లో కలుపుతారు. మూడేళ్ళలోపు వాళ్ళకు బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మేయడం నేర్పండి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలో ఏ పేస్టు వాడాలో దంతవైద్యుణ్ణి అడగండి.

ఇప్పటికే మచ్చలు వచ్చిన పిల్లలుంటే రుద్ది హింసపెట్టకండి. ఆ మచ్చలు కనపడకుండా చేసే పద్ధతులు దంతవైద్యుల దగ్గర ఉన్నాయి, ఎదిగాక చేయించవచ్చు. అంతవరకు ఆ పిల్ల నవ్వితే మనమూ నవ్వాలి, అంతే.

ఇక మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. పళ్ళు ఊడిన నాటి నుంచి మా అమ్మాయి రోజూ రాత్రి పిల్ల నోట్లోకి చూస్తూనే ఉంది. దీపావళి ముందు చిగురు చీల్చుకుని కొత్త పన్ను అంచు కనిపించింది. అంచున రంపపు పళ్ళలా సన్నని నొక్కులు, పక్కనున్న పాలపళ్ళ కన్నా కాస్త పసుపురంగు. చూడగానే మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దంతవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ దీపం వేసి చూసి, "ఇది సహజమైన రంగేనమ్మా. పాలపళ్ళు బాగా తెల్లగా ఉంటాయి గనుక వాటి పక్కన కొత్తది పసుపుగా కనిపిస్తుంది. ఆ నొక్కులు నములుతూ ఉంటే అరిగిపోతాయి. మచ్చ ఒక్కటీ లేదు" అంది.

లేకపోవడంలో వింతేమీ లేదు. ఈ పిల్ల కడుపున పడ్డప్పుడే మా అమ్మాయి నీళ్ళు పరీక్ష చేయించింది. పుట్టిన నాటి నుంచి దీనికి మంచినీళ్ళు చూసి పోసింది. నేను చేయలేని పని అది చేసింది.

బయటికి వచ్చాక పిల్లకు నా ఫోనులో ఫొటో తీయబోతే, "అమ్మా, నువ్వూ రా, అమ్మమ్మా, నువ్వూ రా" అంది. ముగ్గురం నిలబడ్డాం. పిల్ల తొర్రినోరు బార్లా తెరిచి నవ్వింది. దాన్ని చూసి మా అమ్మాయి నవ్వింది. నేను అలవాటుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయాను. పిల్ల ఆ కొంగు పట్టుకుని కిందికి లాగింది.

ఆ ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది.

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)